తిరగేసి చూస్తేనే పనితనం

జంషెడ్‌పూర్ సాక్చీ బజారులో హార్డ్‌వేర్ దుకాణం గల్లా ముందు నిలబడి మావయ్య ఒక తోలు గ్లౌజు చేతిలోకి తీసుకున్నాడు. బయటి వైపు చూడనే లేదు. మణికట్టు దగ్గర రెండు వేళ్లు దూర్చి, దిండు గలీబు తిరగేసినట్టు లోపలి వైపంతా బయటికి తెచ్చాడు. బొటనవేలు అరచేతిని కలిసే చోట కుట్టును గోటితో గీరాడు. రెండు చేతులా పట్టుకుని లాగి, కుట్ల మధ్య వెలుగు కనిపిస్తుందేమోనని దీపానికి అడ్డంగా పెట్టాడు. కనిపించింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అడిగాడు.

"అల్లుడూ, మీ అత్త పొందూరు బట్ట కొన్నా, పట్టుచీర కొన్నా కొంగు తిరగేసి సూస్తాది గదా. ఇదీ అంతే. బయటోళ్లకి సూపించే వైపు అందరూ బాగానే సేస్తారు. లోపల వైపు సూడు. అదీ పని."

కద్మాలో మా ఇంటి వెనక ఒక చిన్న రేకుల షెడ్డు ఉంది. అందులో వెల్డింగ్ మిషను పెట్టుకుని గేటు, కిటికీ గ్రిల్, తులసి కుండీకి స్టాండు, కూర్చోడానికి బెంచీ సొంతంగా చేసుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక. మావయ్య ముప్పై అయిదేళ్లకు పైగా వెల్డరుగా బతికినవాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ ఊరికి వచ్చినప్పుడు ఆయనకు మీసాలు కూడా సరిగా రాలేదట. నాకు ఏం కొనాలో చెప్పమన్నాను. ఆయన చెప్పలేదు, బజారుకు తీసుకెళ్లి చూపించాడు. ఆ రోజు నేర్చుకున్నదీ, తర్వాత నెలల తరబడి పనిలో తెలిసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. అతుకు గురించి చాలామంది రాశారు. అతుకు పెట్టేవాడి ఒంటి మీద ఉండే వస్తువుల్లో ఎంత పనితనం దాగి ఉందో చెప్పాలని నా తాపత్రయం.

ఈ ఊళ్లో ఇనుము మీద గౌరవం గాలిలోనే ఉంటుంది. 1907లో టాటా కంపెనీ ఏర్పడింది. 1912 ఫిబ్రవరిలో సాక్చీ అనే పల్లె పక్కన తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాలిమాటి రైల్వే స్టేషను టాటానగర్ అయింది. 1943లో హౌరా వంతెన తెరుచుకున్నప్పుడు అందులోని ఇరవై ఆరున్నర వేల టన్నుల ఉక్కులో దాదాపు 23 వేల టన్నులు ఇక్కడి నుంచి వెళ్లినదే. టిస్క్రోమ్ అని పేరు పెట్టిన గట్టి ఉక్కు అది. ఆ వంతెనను అతికించింది వెల్డింగ్ కాదు, రివెట్లు. ఎర్రగా కాల్చిన రివెట్లను ఒక్కొక్కటిగా కొట్టి బిగించారు. తర్వాత కాలం మారింది. ఇవాళ ఖర్కాయి దాటి ఆదిత్యపూర్ వైపు వెళితే షెడ్డు వెనక షెడ్డులో నీలి వెలుగు మినుకుమంటూనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన కుటుంబాల్లో ఆ వెలుగు వెనక నిలబడినవాళ్లు ఎందరో.

మావయ్య మొదటి నియమం ఒకటే. మిషను ఆఖర్న కొనాలి. ముందు కన్ను, తర్వాత చెయ్యి, తర్వాత ఊపిరి, ఆ తర్వాత కరెంటు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. డబ్బంతా మిషనుకు పోసి, మిగిలిన చిల్లరతో ఒక నల్లద్దం కొని పని మొదలుపెడతారు.

కంటి సంగతి ఆయన తన కథతోనే మొదలుపెట్టాడు. పనిలో చేరిన కొత్తలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర మాస్కు లేకుండానే టాకాలు (చిన్న అతుకులు) వేయించేవారు. కళ్లు మూసుకుని రాడ్ తగిలించడం, తెరిచి చూసుకోవడం. పగలంతా ఏమీ అనిపించలేదు. రాత్రి పడుకున్నాక కళ్లల్లో పిడికెడు ఇసుక పోసి రుద్దినట్టు అయింది. నీళ్లు ధారగా కారాయి, దీపం వైపు చూడలేకపోయాడు. వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు పైపొరను ఎండకు చర్మం కమిలినట్టు కమిలిస్తాయి. నొప్పి మాత్రం కొన్ని గంటలు ఆగి బయటపడుతుంది. అందుకే చేసిన తప్పు చేసిన క్షణాన తెలియదు. ఆలుగడ్డ ముక్కలు పెట్టుకున్నానని, పాలు పోయించుకున్నానని వీధిలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అవన్నీ మాని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని మావయ్య గట్టిగా చెబుతాడు.

పాతకాలపు మాస్కులో నల్లద్దం కదలకుండా ఉంటుంది. దుకాణంలో దాన్ని నంబరుతో అడుగుతారు. ఇంట్లో వాడే 80 నుంచి 150 ఆంపియర్ల పనికి 10 నంబరు సరిపోతుంది, అంతకన్నా ఎక్కువ కరెంటుకు 11. మన దేశంలో వెల్డింగ్ ముఖరక్షణకు ఐఎస్ 1179 అనే ప్రమాణం ఉంది. ఆ మాస్కులో మోసం లేదు, ఖర్చు తక్కువ. ఇబ్బంది ఏమిటంటే దించగానే లోకమంతా చీకటి. రాడ్ మొన అతుకు మీద ఉందో, పక్కకు జరిగిందో తెలియదు. మెడ విదిల్చి మాస్కు దించే ఆ క్షణంలో చెయ్యి కదులుతుంది. కొత్తవాడి అతుకులు వంకర పోవడానికి సగం కారణం అదే.

ఆ చీకటిని తీసేసిన వస్తువు తనంతట తానే నల్లబడే మాస్కు. 1981లో స్వీడన్‌లో స్పీడ్‌గ్లాస్ పేరుతో ఇది బజారుకొచ్చింది. దాని అద్దం విడదీసి చూస్తే లోపల పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా ముందు, హానికర కిరణాలను వెనక్కి తిప్పే సన్నని పూత. దాని వెనక వెలుగును ఒకే దిశలో వడగట్టే పొరలు, వాటి మధ్య ద్రవ స్ఫటికాలు. చేతి గడియారంలో అంకెలు చూపించే ద్రవ స్ఫటికాలకు ఇవి అన్నదమ్ములే. రాడ్ అంటుకున్న వెలుగు సెన్సరుకు తగలగానే విద్యుత్తు ఆ స్ఫటికాల వరసను మార్చేస్తుంది. మంచి మాస్కుల్లో ఇదంతా సెకనులో పాతిక వేలవ వంతులో జరుగుతుంది. రెప్ప వేయడానికి పట్టే కాలంలో ఇది వేల సార్లు జరగగలదు.

నాకు అంతకన్నా నచ్చిన పనితనం వేరే చోట ఉంది. నల్లబడటం ఒక పని, కిరణాలను ఆపడం మరో పని. ఆపే పూత ఎప్పుడూ అక్కడే ఉంటుంది. బ్యాటరీ అయిపోయి అద్దం నల్లబడకపోయినా అతినీలలోహిత కిరణాలు కంటికి చేరవు. వెలుగు మాత్రం కళ్లు చెదిరేట్టు కొడుతుంది, వెంటనే పని ఆపాలి, అయినా కన్ను దక్కుతుంది. ఒక భాగం పాడైనా ప్రాణప్రదమైన భాగం దాని మీద ఆధారపడకుండా ఉండేట్టు ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

కొనేటప్పుడు దీన్ని కూడా తిరగేసి లోపలి నుంచి చూడాలి. అద్దం గూటికీ డిప్పకూ మధ్య సందులో వెలుగు కనిపించకూడదు. ఎండకేసి పట్టినప్పుడు నల్లబడాలి, ఆ నలుపు అంచు నుంచి అంచు వరకూ ఒకేలా ఉండాలి. కొన్ని మాస్కుల మీద 1/1/1/2 లాంటి నాలుగు అంకెలు ఉంటాయి. యూరప్ ప్రమాణం ప్రకారం అద్దం నాణ్యతకు ఇచ్చిన మార్కులు అవి. 1 మేలైనది, 3 తక్కువది. ఆఖరి అంకె, పక్కవాటుగా చూసినప్పుడు అద్దం ఎంత నిలకడగా ఉంటుందో చెబుతుంది. సెన్సర్లు రెండున్నవీ, నాలుగున్నవీ దొరుకుతాయి. గేటు పైపుల సందులో తల దూర్చి పనిచేసేటప్పుడు ఒక సెన్సరుకు పైపు అడ్డం వస్తుంది, నాలుగుంటే మిగతావి చూసుకుంటాయి. తలపట్టీ తిప్పే చక్రం నున్నగా తిరగాలి. చెమట పీల్చే పట్టీ విడిగా దొరకాలి. ముందు ఉండే పారదర్శకపు రేకు నిప్పురవ్వలతో త్వరగా మసకబారుతుంది కాబట్టి అదే కొలత రేకులు ఆ దుకాణంలో ఉన్నాయో లేదో ఆ రోజే అడగాలి.

కన్ను తర్వాత చెయ్యి. మావయ్య ఇంకో గ్లౌజు అడిగాడని చెప్పాను కదా, దాన్నీ తిరగేశాడు. ఈసారి ఆయన ముఖం విప్పారింది. రెండు తోలు ముక్కలు కలిసే ప్రతి చోటా మధ్యలో సన్నని తోలు పట్టీ ఒకటి పెట్టి కుట్టారు. రవికె అంచుకు పైపింగ్ వేసినట్టే. రవికెకు అది అందం, ఇక్కడ అది దారానికి గొడుగు. నిప్పురవ్వ వచ్చి పట్టీ మీద పడుతుంది, దారం దాని నీడలో ఉంటుంది. తోలు ఎంత మందమైనా దారం కాలిపోతే గ్లౌజు విచ్చుకుపోతుంది. అందుకే మంచి గ్లౌజును నిప్పుకు ఓర్చుకునే కెవ్లార్ దారంతో కుడతారు. నూలు దారం, నైలాన్ దారం ఆ వేడి ముందు నిలవవు.

బొటనవేలి మొదట్లో విడిగా ఒక రెక్క లాంటి ముక్క వేసి ఉంది. హోల్డరు పట్టుకుని గంటల తరబడి పనిచేసేవాడికి అరిగేది అక్కడే. కుట్టినవాడికి ఆ సంగతి తెలుసు. అరచేతిలోనూ చూపుడువేలి లోపలి వైపూ అడ్డంగా ఒక్క కుట్టు కూడా రాకుండా, కుట్లన్నీ చేతి వెనక్కి, వేళ్ల పక్కలకు వచ్చేట్టు కత్తిరించాడు. పిడికిలి బిగిస్తే ఏదీ గుచ్చుకోదు. లోపల నూలు గుడ్డ అస్తరు వేళ్ల కొనల దాకా ముడుచుకోకుండా వచ్చింది. మణికట్టు దాటి ముంజేతి మీదికి జానెడు పొడవు వస్తుంది. మన దేశంలో ఇలాంటి పనివాళ్ల గ్లౌజుల తయారీకి కోల్‌కతా పేరుపడ్డది. అక్కడి తోలు కార్ఖానాల్లో కూర్చుని ఎవరో పేరు తెలియని మనిషి నా చెయ్యి ఎక్కడ వంగుతుందో, ఎక్కడ కాలుతుందో ముందే ఊహించి కుట్టాడు. ఆ మాట అన్నప్పుడు మావయ్య తల ఊపి, గ్లౌజును మళ్లీ సరిగా తిరగేసి నా చేతిలో పెట్టాడు.

గ్లౌజు ఎంత మంచిదైనా కాలుతున్న ఇనుమును దానితో పట్టుకోకూడదు. తోలు ముడుచుకుపోయి గట్టిపడి, ఆ తర్వాత వేలు వంగదు. దానికి పటకారు ఉంది. తడిసిన గ్లౌజుతో పని అసలే వద్దు. వానాకాలంలో జంషెడ్‌పూర్ గాలి పిండితే నీళ్లు కారేట్టు ఉంటుంది, చెమటకే గ్లౌజు తడుస్తుంది. అందుకే రెండు జతలు పెట్టుకుని ఒకటి ఆరేస్తూ ఇంకోటి వాడాలి.

ఒంటి బట్టల సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. నూలు బట్టే కట్టాలి, పాలిస్టరు కరిగి చర్మానికి అంటుకుంటుంది. చొక్కా చేతులు పొడుగ్గా ఉండాలి, జేబులకు మూత ఉండాలి, ప్యాంటు అంచు మడవకూడదు, అది బూటు పైనుంచి బయటికి జారాలి. మడతలో పడ్డ నిప్పురవ్వ బయటికి రాదు. జేబులో లైటరు ఉండకూడదు. పైన తోలు ఏప్రన్, కాళ్లకు ఐఎస్ 15298 ముద్ర ఉన్న ఇనుప ముక్కు బూట్లు. చెప్పులతో వెల్డింగ్ చేసేవాళ్లను మనం రోజూ చూస్తాం, వాళ్ల పాదాల మీది మచ్చలను మాత్రం చూడం.

ఊపిరి విషయంలో మావయ్య గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన తోటివాళ్లలో దగ్గుతో పోయినవాళ్లు ఉన్నారు. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను మనిషికి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఇంటి షెడ్డులో ఎక్కువ ప్రమాదం జీఐ పైపుతో. దాని మీది జింకు పూత కాలి తెల్లటి పొగగా లేస్తుంది. అది పీలిస్తే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. చాలామంది దాన్ని మామూలు జ్వరమనుకుని పడుకుంటారు. అతుకు పెట్టే చోట అటూ ఇటూ రెండంగుళాలు జింకును గ్రైండరుతో తీసేయాలి, తీసేటప్పుడూ ముక్కుకు మాస్కు ఉండాలి. రంగు ఉన్నా అంతే. క్లోరిన్ ఉన్న క్లీనర్లతో తుడిచిన ఇనుమును వెల్డింగ్ వెలుగు (ఆర్క్) దగ్గరికి తేకూడదు, ఆ ఆవిరి విషవాయువు అవుతుంది. మూసి ఉన్న డ్రమ్ము, పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనిపించినా వాటికి ఇంట్లో వెల్డింగ్ చేయనే కూడదు.

ముక్కుకు గుడ్డ కట్టుకుంటే దుమ్ము ఆగుతుందేమో గానీ ఆ పొగ ఆగదు. ఐఎస్ 9473 ప్రకారం ఎఫ్‌ఎఫ్‌పీ2 ముద్ర ఉన్న మాస్కు వెల్డింగ్ ముఖకవచం కింద ఇమిడిపోతుంది. దీన్నీ లోపలి నుంచి చూడాలి. ముక్కు మీద వంగే రేకు ఉందా, అంచు చెంపకు అతుక్కుంటుందా, పట్టీలు చెవులకు కాక తల వెనక్కి వెళుతున్నాయా అని. ఫ్యాను పక్క నుంచి పెట్టాలి. పొగ ముఖం ముందు నుంచి పక్కకు కొట్టుకుపోవాలి. వెనక నుంచి పెడితే వీపు దాటిన గాలి సుడి తిరిగి పొగను ముఖం ముందుకే తెస్తుంది. తల పొగ దారిలో లేకుండా కూర్చోవడం అన్నిటికన్నా పెద్ద రక్షణ, దానికి ఖర్చు లేదు.

ఇక కరెంటు. ఇప్పుడు మిషను వంతు వచ్చింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషనును ఇద్దరు మోయాలి. ఇప్పటి ఇన్వర్టర్ మిషను ఒక చేతి బరువు. ముందున్న మెరుపు అంకెలను వదిలేసి మావయ్య దాన్ని వెనక్కి తిప్పాడు. వెనక అతికించిన పట్టిక చదవడం నేర్పాడు. 200 ఆంపియర్లు అని పెద్దగా రాసి ఉంటుంది, దాని పక్కన 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మాత్రమే ఆ కరెంటు ఇవ్వగలదని అర్థం. మిగతా నాలుగు నిమిషాలు అది ఊపిరి తీసుకోవాలి. ఆ లెక్క 40 డిగ్రీల వేడిని దృష్టిలో పెట్టుకుని వేస్తారు. మన ఊళ్లో మే నెలలో రేకుల షెడ్డు కింద అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకని మధ్యాహ్నం పూట మిషనుకు ఇంకా ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలి.

ఇంటికి ఎంత పెద్ద మిషను కావాలో కూడా లెక్క ఉంది. 2.5 మి.మీ. రాడ్‌కు 70 నుంచి 90 ఆంపియర్లు, 3.15 రాడ్‌కు 90 నుంచి 130. 80 ఆంపియర్ల దగ్గర ఆర్క్‌కు సుమారు 23 వోల్టులు కావాలి, అంటే 1,850 వాట్ల పైచిలుకు. మిషనులో పోయేది కలుపుకుంటే గోడ సాకెట్ నుంచి 13, 14 ఆంపియర్లు లాగుతుంది. అందుకే ఏసీకి వేసినట్టు విడిగా లైను, దానికి విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఫ్రిజ్ ప్లగ్గులో పెట్టి వాడితే తీగ వేడెక్కి గోడ లోపలే కాలుతుంది. మిషను ఫ్యాను నోరు గ్రైండరు వైపు ఉండకూడదు. ఇనుప రజను లోపలికి పీలిస్తే సర్క్యూట్ బోర్డు మీద పేరుకుని షార్టు చేస్తుంది.

మిషనుతో ఇచ్చే తీగనూ హోల్డరునూ ఎవరూ పట్టించుకోరు. మావయ్య తీగ కొనను బ్లేడుతో కొంచెం చెక్కించి, జుట్టంత సన్నని పోగును గీరి చూశాడు. రాగి అయితే లోపల కూడా ఎర్రగానే ఉంటుంది. పైన రాగి పూసిన అల్యూమినియం అయితే గీత తెల్లగా వస్తుంది. వందల కొద్దీ సన్నని పోగులతో అల్లిన రాగి తీగ చేతి కదలికకు తాడులా వంగుతుంది, మణికట్టు అలిసిపోదు. హోల్డరు దవడలు ఇత్తడివి కావాలి, స్ప్రింగు గట్టిగా కరవాలి, పైకి ఎక్కడా లోహం కనిపించకుండా పూర్తిగా కప్పి ఉండాలి. రాడ్ మార్చేటప్పుడు మిషను సుమారు 60 నుంచి 80 వోల్టుల మీద సిద్ధంగా ఉంటుంది. పొడి గ్లౌజు, కాళ్ల కింద పొడి చెక్క ఉంటే దానితో భయం లేదు. ఎర్త్ క్లాంపు పని ముక్కకే, అతుకుకు దగ్గరగా తగిలించాలి. నీళ్ల పైపుకో కిటికీ ఊచకో ఎప్పుడూ కాదు.

ఇక రాడ్. నాకు ఈ మొత్తం సామానులో ప్రాణమైన వస్తువు అదే. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో స్వీడన్‌కు చెందిన ఆస్కార్ షెల్‌బెర్గ్ ఉత్త ఇనుప తీగను ఖనిజాల ముద్దలో ముంచి ఆరబెట్టాడు. ఉత్త తీగతో పెట్టిన అతుకు గాలి తగిలి పెళుసుబారేది. పూత ఉన్న రాడ్‌తో పెడితే ఆ పూత కాలి చుట్టూ పొగ తెర కడుతుంది, కరిగి అతుకు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. చల్లారాక ఆ దుప్పటినే చిట్టెం అంటాం, సుత్తితో కొట్టి తీసేస్తాం.

ఇంటి పనికి మొదటి రాడ్ 6013. ముందున్న 60 దాని బలం, చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. 1 అంటే పడుకోబెట్టి, నిలబెట్టి, తలకిందులుగా ఎలా అయినా వాడొచ్చని. ఆఖరి అంకె పూత రకం. దాని పూతలో ప్రధానమైనది రూటైల్ అనే ఖనిజం. ఆ మాట వినగానే నాకు మా ఊరి తీరం గుర్తొచ్చింది. శ్రీకాకుళం తీరంలో అల వెనక్కి వెళ్లినప్పుడు ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఆ నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు రూటైల్ కూడా ఉంటుంది. మా జిల్లా దాటితే వచ్చే గంజాం జిల్లా ఛత్రపూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ అలాంటి ఇసుక నుంచే రూటైల్ తీస్తుంది. చిన్నప్పుడు మేము కాళ్లతో తన్నుకుంటూ నడిచిన ఇసుకకూ, నేను ఇప్పుడు పట్టుకున్న రాడ్‌కూ చుట్టరికం ఉందని తెలిసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

రాడ్ మంచిదో కాదో దాని కొన చెబుతుంది. మొన వైపు నుంచి చూస్తే పూత మధ్యలో ఇనుప తీగ సరిగ్గా నడిమధ్యన ఉండాలి, పెన్సిలు మధ్య సీసంలా. ఒక పక్కకు జరిగితే పూత ఒక వైపు ముందు కాలి, ఆర్క్ పక్కకు లాగుతుంది. మనం చెయ్యి వణికిందనుకుంటాం, తప్పు రాడ్‌ది. డబ్బా మీద ఐఎస్ 814 ముద్ర, ఏ కొలతకు ఎన్ని ఆంపియర్లో తెలిపే పట్టిక ఉండాలి. బరువు మోసే పనికి వాడే 7018 రాడ్ తేమను ఓర్వదు. దాన్ని డబ్బా మీద చెప్పినట్టు మూడు వందల డిగ్రీల పైన ఓవెన్‌లో వేడి చేశాకే వాడాలి. ఓవెన్ లేని ఇంట్లో 6013తో సరిపెట్టుకోవడం నయం, దాన్ని కూడా మూత బిగుతైన డబ్బాలోనే పెట్టాలి.

షెడ్డుకూ కొంత ముస్తాబు కావాలి. సున్నం వేసిన తెల్లగోడ వెలుగును తిప్పి మాస్కు వెనక నుంచి కంటికి కొడుతుంది. మావయ్య మాట మీద నేను ఆ గోడకు మెరుపు లేని బూడిద రంగు వేశాను. వీధి వైపు వెల్డింగ్ తెర కట్టాను. పక్కింటి పిల్లలు ఆ నీలి వెలుగును చూడ్డానికి ప్రహరీ ఎక్కుతారు, వాళ్ల కళ్లకు మాస్కు లేదు. నిప్పురవ్వలు పది పదకొండు మీటర్ల దాకా ఎగరగలవు కాబట్టి గోనెలు, చెక్కపొట్టు, రంగు డబ్బాలు అంత దూరంలో ఉండాలి. ఒక బకెట్ ఇసుక, మంటలార్పే ఏబీసీ పొడి సిలిండరు ఒకటి చేతికి అందే చోట ఉండాలి. పని అయ్యాక వెంటనే తాళం వేసి వెళ్లకూడదు. కనీసం గంట సేపు కనిపెట్టుకుని ఉండాలి. గ్రైండరు డిస్కు మధ్య ఇనుప రింగు మీద గడువు నెల, ఏడాది ముద్రించి ఉంటాయి. డిస్కు మీద రాసిన వేగం గ్రైండరు వేగం కన్నా ఎక్కువ ఉండాలి. గార్డు తీసేసిన గ్రైండరును మావయ్య ఎవరి చేతిలో చూసినా స్విచ్చి ఆపించేవాడు.

ఇవన్నీ సమకూరాక ఒక ఆదివారం ఉదయం మొదటి అతుకు పెట్టాను. అయిదు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు బద్దీలను రెండు మిల్లీమీటర్ల సందు వదిలి పక్కపక్కన పెట్టాం. మాస్కు దించగానే లేతాకుపచ్చ చీకటిలో రాడ్ మొన, సందు గీత రెండూ స్పష్టంగా కనిపించాయి. రాడ్ గీకగానే లోకం నల్లబడి, మధ్యలో నాణెమంత వెలుగు మిగిలింది. ఆ వెలుగులో కరిగిన ఇనుము చిన్న చెరువులా వణుకుతోంది. చెరువు ముందుకు జరిగిన కొద్దీ దాని వెనక అంచు చల్లబడి ఒక వంపు గీత మిగులుతుంది, దాని మీద ఇంకో వంపు. "నిదానం అల్లుడూ, ఆ సెరువు నిండనీ, అప్పుడు జరుగు," అని మావయ్య చెవి దగ్గర చెబుతూనే ఉన్నాడు.

చిట్టెం కొట్టి, తీగ బ్రష్‌తో రుద్దాక కజ్జికాయ అంచులా మడత మీద మడత వచ్చింది. కజ్జికాయ అంచు ఎక్కడైనా విప్పుకుంటే నూనెలో లోపలి పూర్ణమంతా బయటికి వచ్చేస్తుంది. అందుకే మా అమ్మ ప్రతి మడతనూ వేలితో నొక్కి చూసేది. నా మడతలు చూసుకుని నాకు పొంగిపోవాలనిపించింది.

మావయ్య పటకారుతో బద్దీని ఎత్తి, తొట్టిలో ముంచకుండా గాలికే చల్లారనిచ్చాడు. తర్వాత తిరగేశాడు. వెనక వైపు రెండు చివర్లా అతుకు సన్నని గీతగా పొడుచుకు వచ్చింది. మధ్యలో రెండంగుళాల మేర సందు అలాగే నల్లగా ఉంది. పైన అంత అందంగా ఉన్న చోటే కింద ఇనుము కలవలేదు. ఆయన సుద్దముక్కతో ఆ రెండంగుళాల చుట్టూ సున్నా చుట్టి, బద్దీని నా చేతిలో పెట్టి ఇంకో జత తీశాడు.

ఆ రోజు నాలుగు జతలు అయ్యాయి. నాలుగింటి మీదా సుద్ద గీతలు పడ్డాయి, ప్రతిసారీ కాస్త చిన్నగా. అయిదోది చిట్టెం రాలి, ఎరుపు పోయి, నీలి చారలతో చల్లారుతుండగా మావయ్య సుద్దముక్క కోసం జేబులో చెయ్యి పెట్టాడు. అప్పటికే నేను దాన్ని పటకారుతో పట్టి తిరగేసి, వెనక వైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తున్నాను.